కొండకి వంతు

నమ్మరండీ. ముందే చెప్పేస్తున్నాను, మీరు నమ్మరు. పెద్దింట్లమ్మ తల్లి గుళ్ళో దీపం ఆర్పి చెప్పినా నమ్మరు, గోదాట్లో మెడదాకా దిగి చెప్పినా నమ్మరు. మీదాకా ఎందుకు, నా సొంత బావమరిది నమ్మనన్నాడు. వరద పోయేదాకా ఆ కొండ మీదే కూర్చుని నా బియ్యం వండుకు తిన్నోడు వాడు! దిగిపోయాక, "కొండేంటి బావా, కొల్లేట్లో కొండేంటి" అంటాడు. అలాంటోడి చెల్లెల్నండీ నేను చేసుకుంది.

సరే, కూర్చోండి. అక్కడ కాదు, అక్కడ చెక్క తడిగా ఉంది, ఇటు జరగండి.

దోనె సూర్రావంటే ఆకివీడు రేవు నుంచి కొల్లేటికోట దాకా కొంగలక్కూడా తెలుసండి. చదువంటారా, నా పేరులో ఎన్నక్షరాలో నాకు తెలీదు. గడ వెయ్యడం మాత్రం నా అంతోడు ఈ జిల్లాలో లేడు. నేను గడ వేస్తే దోనె కంటే నా నీడ ముందెళ్ళిపోద్ది. నేను రేవుకి చేరేటప్పటికి అది గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటా ఉంటది. నవ్వండి, నవ్వండి. నవ్వితే అరుగుద్ది.

రోజూ నాకున్నది ఒకటే పని. తెల్లారేటప్పటికి ఆకివీడులో ఉప్పు, కిరసనాయిలు, బియ్యం ఎక్కించుకోవడం, లంకల్లో దింపడం, సాయంత్రానికి ఎండు చేపల బుట్టలు వేసుకుని రావడం. తాటి దోనెలు రెండు కలిపి కట్టానండి, మా రేవులో దానంత వెడల్పు దోనె లేదు. మనుషులుంటే మనుషులు, మేకలుంటే మేకలు. ఎవరైనా ఒకటే, మేకలు తక్కువ మాట్లాడతాయి.

మన రాష్ట్రం విడిపోయి కర్నూలు రాజధాని చేశారు చూడండి, ఆ మరుసటి మాఘమాసం. కొల్లేట్లో నీళ్ళు లాగుతున్నాయి, లంకల చుట్టూ ఒండ్రు తేలుతోంది, నాట్లకి కూలీలు కావాలి. రేవులో ఇద్దరు నిలబడున్నారు, మొగుడూ పెళ్ళామూ. వాడి భుజం మీద గొడ్డలి, ఆవిడ నెత్తి మీద కుండ, కడుపులో బిడ్డ.

"నత్తలంకకి తీసుకెళ్తారా అండీ?" అన్నాడు.

"ఏ ఊరు మీది?"

"పైనండి. పోలవరం దాటి, కొండల్లో. కోయోళ్ళం. నా పేరు సింగయ్యండి. ఇది ముత్తి."

"కొండోళ్ళకి నాట్లేం తెలుసయ్యా?"

"వంగడం తెలుసండి," అన్నాడు.

నవ్వలేదండీ వాడు. నేను నవ్వాను గానీ, నవ్వాక బాగోలేదు నాకు.

ఎక్కించుకున్నాను. ఉప్పుటేరు దాటి కొల్లేట్లో పడ్డాం. గాలి లేదు, నాచు లేదు, అయినా దోనె బరువెక్కింది. ఎవడో వెనక నుంచి లాగుతున్నట్టు. వెనక్కి తిరగబోయాను.

"చూడకండి బాబూ," అన్నాడు సింగయ్య. "దానికి సిగ్గు."

నేను చూడకుండా ఉంటానా? చూశాను. మా వెనకాల, కొల్లేటి నడిమధ్యన, కొండ. రెండు తాటిచెట్లంత ఎత్తుంటది. ఒంటి నిండా ఇప్పచెట్లు, ఒక మోదుగ, బండ మీద రెండు అడవికోళ్ళు. నేను చూడగానే, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు మొహం పెట్టుకుని నిలబడిపోయింది. మళ్ళీ ఇటు తిరిగి గడ వేశాను. గుబగుబమని నీళ్ళ చప్పుడు. ఈదుతోందో, నడుస్తోందో!

"ఎవరిదయ్యా అది?"

"మాదేనండి. వద్దంటే వినలేదు."

ముత్తి అప్పుడు నోరిప్పింది. "మేము పుట్టకముందు నుంచీ మా గుడిసె వెనకాలే ఉండేదండి. మేం లేచాం, అదీ లేచింది."

ఎందుకు లేచారంటే, వాళ్ళ ఊరికి తాడేపల్లిగూడెం వైపు నుంచి ఒక ఆసామి వచ్చాడంట. పొగాకు వేసుకుంటాను, కాస్త చోటియ్యండన్నాడంట. ఇచ్చారు. పందిరి వేసుకుంటానన్నాడు, వీళ్ళే గుంజలు పాతారు. కొన్నాళ్ళు పోయాక చూసుకుంటే వీళ్ళు వాడి పొలంలో ఉన్నారంట. పొలంలోంచి లెమ్మన్నాడు. లేచారు.

కొండకి నేను రేవుకూలి అడగలేదండి. అంత చిన్న బుద్ధి మా వంశంలో లేదు. కానీ ఒక్కటి రాసి పెట్టుకోండి, ఈ జిల్లాలో దోనెకి కొండని కట్టుకుని లాక్కొచ్చిన మొనగాడు దోనె సూర్రావు ఒక్కడే.

నత్తలంక రేవులో కులపెద్ద వీరాస్వామి గారు పళ్ళు తోముకుంటున్నారు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు, ఎవర్నీ ఏకవచనంలో పిలవడు. మనల్ని బయటికి గెంటినా "దయచెయ్యండి" అనే గెంటుతాడు. సింగయ్యని చూశారు, ముత్తిని చూశారు, వెనక కొండని చూశారు. పుక్కిలించి ఊశారు.

"కూలీకి ఎంతమందండీ? ఇద్దరా? కొండ కూడా ఉంటుందా?"

"ఉంటదండి."

"అయితే ఊరికి ఉత్తరంగా ఉండమనండి. దక్షిణం గాలి ఆపేసిందంటే మావాళ్ళు ఊరుకోరు."

అంతేనండి. అంతకంటే ఒక్కడు ఒక్క మాట అనలేదు. కొండ ఉత్తరంగా కూర్చుంది. దాని కింద సింగయ్య గుడిసె వేసుకున్నాడు. వీరాస్వామి గారి భార్య నాంచారమ్మ గారు మాత్రం మర్నాడే వచ్చి, "సింగయ్యా, పొద్దున్నపూట నీ కొండ నీడ మా ఎండు చేపల మీద పడుతోంది, పురుగు పట్టదూ? కాస్త అవతలకి జరపవయ్యా," అంది. వాడు కొండ దగ్గరికెళ్ళి ఏదో వాళ్ళ భాషలో అన్నాడు. పొద్దున లేచి చూస్తే రెండు బారలు జరిగి ఉంది. నాంచారమ్మ గారు చేపలు ఎండబెట్టుకుంది. ఆవిడకి అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ లంక పద్ధతి ఒకటి చెప్పాలి మీకు. పట్నవాసులు, తెలీదు. ఊరంతా కలిసి నీళ్ళలో వెదురు దడి కడతారు. దాంట్లో పడ్డ చేప ఎవడిదీ కాదు. రచ్చ దగ్గర కుప్ప పోసి ఇంటికో వంతు పెడతారు. కులపెద్దకీ వంతే, కళ్ళు కనపడని ముసలిదానికీ వంతే. వంతున్నవాడు ఊరివాడు. వంతు లేనివాడు ఎన్నేళ్ళున్నా చుట్టపుచూపుగా వచ్చినవాడే. వాడి ఇంటికి ఎవరూ పెళ్ళి పిలుపుకి వెళ్ళరు, వాడింట్లో శవం లేస్తే మొయ్యరు. ఎప్పుడైనా "ఇక దయచెయ్యండి" అనొచ్చు.

నాట్లయిపోయాయి. కోతలయిపోయాయి. మిగతా కూలీలు వెళ్ళిపోయారు. సింగయ్య వెళ్ళలేదు. ఎక్కడికెళ్తాడు? దడి కట్టడం నేర్చుకున్నాడు, ఊబిలో కూరుకోకుండా నడవడం నేర్చుకున్నాడు. కొండోడు చేప పట్టడం చూడాలండీ, చెట్టెక్కుతున్నట్టు ఉండేది. అయినా పట్టాడు. పట్టింది పట్టినట్టు కుప్పలో పోసేవాడు. వంతులు వేసేటప్పుడు దూరంగా నిలబడేవాడు. ఎవరైనా చేతిలో ఒకటో రెండో చిన్న చేపలు పెడితే తీసుకెళ్ళేవాడు.

ముత్తి అక్కడే ప్రసవించింది. ఆడపిల్ల. మంత్రసాని మా సూరమ్మత్త, ఆవిడే పిల్లకి పెద్దింట్లమ్మ అని పేరు పెట్టేసింది, అమ్మవారి పేరు. పిల్లని చంకనేసుకుని ముత్తి నాంచారమ్మ గారి గుమ్మంలోకెళ్ళింది.

"అమ్మగారూ, ఇది ఇక్కడే పుట్టింది. పేరు కూడా మీ అమ్మవారిదే. దీని మొహం చూసైనా మాకో వంతు పెట్టమని అయ్యగారికి చెప్పండమ్మా."

నాంచారమ్మ గారు చేపలు రుద్దుతా రుద్దుతా తలెత్తింది. "గూడకొంగలు కూడా ఏటా ఇక్కడే పొదుగుతాయే ముత్తీ. వాటికీ వంతు పెట్టమంటావా?"

చుట్టూ ఉన్న ఆడాళ్ళు విరగబడి నవ్వారు. ముత్తి కూడా నవ్విందండి. నవ్వకపోతే ఆ చిన్న చేపలు కూడా రావు కదా.

మా వడ్డోళ్ళు, ఈ లంకల్లో చేపలు పట్టేవాళ్ళంతా అదే కులం, మాత్రం ఇక్కడ మొలిచారా అని అడగండి. ఎప్పుడో ఒరిస్సా నుంచి ఏ రాజు వెనకాలో వచ్చి ఈ నీళ్ళలో దిగబడ్డామని మా తాత చెప్పేవాడు. ఈ మాట నత్తలంకలో అన్నవాడి దోనె ముంచేస్తారు. నేను అన్నాను. ముంచారు కూడా. నా దోనె గనక మళ్ళీ తేలింది.

సింగయ్య తనే ఒకరోజు వీరాస్వామి గారి దగ్గర నిలబడ్డాడు. నేను కిరసనాయిలు దింపుతున్నాను, నా చెవులతో విన్నాను.

"బాబూ, ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. మా కొండల్లో వచ్చినోడిది పైచెయ్యి అయిపోయింది, ఉన్నోళ్ళం మేం లేచాం. ఇక్కడ వచ్చినోళ్ళం మేమే కదండీ. మరి ఇక్కడ మాకు పైచెయ్యి ఎందుకవ్వలేదు?"

వెటకారం కాదండి. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. వీరాస్వామి గారు చాలాసేపు గెడ్డం గోక్కున్నారు.

"అది వేరు, ఇది వేరండి," అన్నారు. "తొందరపడకండి. వచ్చే తీర్థానికి చూద్దాం."

తీర్థం వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

ఆ తర్వాత శ్రావణంలో తమ్మిలేరూ బుడమేరూ ఒకేసారి పొంగాయి. రెండూ వచ్చి పడేది మన కొల్లేట్లోనే కదా. పొద్దున రేవు మునిగింది, మధ్యాహ్నానికి రచ్చ మునిగింది. ఇళ్ళ కప్పులు టోపీల్లాగా తేలిపోతున్నాయి. నేనెంతమందిని లాగానో నాకే తెలీదు. ఒక్క చేత్తో గడ, ఒక్క చేత్తో మనిషి. ఒక ముసలాయన్ని జుట్టు పట్టుకుని లాగితే జుట్టొచ్చింది, మనిషి రాలేదు. తర్వాత మనిషి కూడా వచ్చాడు లెండి. ఎక్కడికి చేర్చాలి మరి అందర్నీ? చుట్టూ నీళ్ళేనాయె. ఉన్నదల్లా కొండ.

సింగయ్య మొలలోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కర్నీ భుజానెత్తుకుని ఎక్కించాడు. మావాళ్ళకి కొండెక్కడం తెలీదండి, ఎప్పుడెక్కారు గనక? పడవలో నిలబడ్డట్టు కాళ్ళు ఎడం చేసుకుని, గడలతో పొడుచుకుంటా ఎక్కారు. పది నిలువుల నీళ్ళలో మునిగే మొనగాళ్ళు బండ మీద నిలబడి కిందకి చూసి కళ్ళు తిరిగి వాంతులు చేసుకున్నారు. ఇంకా వినండి, కొండ కొట్టుకుపోతుందేమోనని దానికి మోకులు కట్టారు! నాలుగు వైపులా గుంజలు పాతి, పడవకి కట్టినట్టు. తాతారావని ఒకడున్నాడు, నత్తలంకలో వాడంత నోరున్నోడు లేడు. వాడు దగ్గరుండి ముళ్ళు వేయించాడు.

పైకెక్కాక ఎవరెక్కడుండాలో తేల్చాలి కదా. శిఖరం మీద వీరాస్వామి గారి కుటుంబం. దాని కింద తాతారావు వాళ్ళు. అలా దిగుతా దిగుతా, నీటి అంచున ముత్తి, చంకలో పిల్ల.

"మీకు కొండ అలవాటే కదమ్మా," అన్నాడు తాతారావు, ఎంతో మర్యాదగా. "మాకు అలవాటు లేదు. అంచేత మేం పైనుంటాం."

ఇప్పపూలు ఎండబెట్టుకున్నవి వాళ్ళ కుండలో ఉంటే ముత్తి అవే ఉడకబెట్టి అందరి పిల్లలకీ పెట్టింది. నీళ్ళు ఇంకా పెరిగినప్పుడు కొండ కాస్త ఒళ్ళు విరుచుకుని లేచి నిలబడింది, ఆవు లేచినట్టు. అందరం ఇంకొంచెం ఎత్తుకి చేరాం. అప్పుడు వీరాస్వామి గారు తడిబట్టతో చెయ్యి చాపి, అందరి ముందూ అన్నారు.

"సింగయ్యగారూ, అమ్మవారి సాక్షి. నీళ్ళు తీసిన రోజునే మీకు వంతు."

సింగయ్య ఏడ్చాడండి. అంత వరదలోనూ ఏడవనోడు అప్పుడు ఏడ్చాడు.

నీళ్ళు తీశాయి. బురద తోడుకున్నాం, దడి మళ్ళీ కట్టుకున్నాం. మొదటి చేప పడింది. రచ్చ దగ్గర కుప్ప పోశారు. సింగయ్య తల దువ్వుకుని వచ్చాడు, ముత్తి పిల్లకి కాటుక పెట్టి తెచ్చింది. నేను ఉప్పు దింపడం ఆపేసి నిలబడ్డాను.

తాతారావు లేచాడు. "ఒక ధర్మసందేహం. మనల్ని కాపాడింది ఎవరు?"

"కొండ," అన్నారు జనం.

"మనం ఎక్కింది దేని మీద?"

"కొండ మీద."

"సింగయ్య మీద ఎక్కామా?"

"నేనెక్కాను, భుజం మీద," అంది కళ్ళు కనపడని ముసలావిడ. ఆవిణ్ణి ఎవరూ పట్టించుకోలేదు.

"మరి వంతు ఎవరికి పెట్టాలి? కొండకి! ప్రాణం పోసినవాళ్ళకి పెట్టకుండా పక్కవాళ్ళకి పెడితే అమ్మవారు ఊరుకుంటుందా?"

అందరికీ సబబుగా తోచిందండి. ఏం చెప్పమంటారు, విన్నంతసేపూ నాకూ సబబుగానే తోచింది, వాడి నోరు అలాంటిది. కుప్పలోంచి ఒక వంతు తీసి కొండ ముందు పెట్టారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు. కొండ తినదు కదా, దాని తరఫున ఆ వంతు ఎవరో ఒకరు పుచ్చుకోవాలి కదా. వీరాస్వామి గారు పుచ్చుకున్నారు. వద్దు వద్దంటూనే పుచ్చుకున్నారు, పెద్దమనిషి.

ఇక బొట్టు పెట్టిన కొండాయె. దాని కిందే ఎలకమాంసం కాల్చుకునేవాళ్ళు ఉంటే మైల కదా. అంచేత గుడిసె తీసి అవతల ఊబి పక్కన వేసుకోమన్నారు.

సింగయ్య గుంజలు పీక్కుని ఊబి పక్కకెళ్ళాడు. కొండ వైపు తిరిగి పిలిచాడు. తెల్లారి చూస్తే కొండ కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. ఊహూఁ. పసుపు మొహం వేసుకుని, పొద్దున్నే ముందు పెట్టే చేపల కేసి చూస్తా, పెళ్ళి పీటల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"పోనీలెండి," అంది ముత్తి, నాతోనే అంది. "దానికైనా ఊరు దొరికింది."

ఆ మరుసటి ఏడాదే ఏలూరు నుంచి కంట్రాక్టరు ఈశ్వరప్రసాద్ గారు జీపేసుకుని ఆకివీడు దాకా, అక్కణ్ణుంచి నా దోనెలో నత్తలంకకీ వచ్చారు. లంకకి రోడ్డు పడుతుందంట. బస్సొస్తుందంట. మట్టి కట్ట వెయ్యడం తేలికే, పైన కంకర ఎక్కణ్ణుంచి తెస్తాం అన్నారాయన. నిజమే మరి, ఈ దేశంలో కాకిని కొడదామంటే రాయి దొరకదు. గూడ్సు బండి మీద తేవాలి. ఆయన తల తిప్పి కొండని చూశారు.

రాత్రికల్లా రచ్చ దగ్గర మాటలయ్యాయి.

"వంతు తింటున్న ఊరి మనిషి కదండీ కొండ," అన్నారు వీరాస్వామి గారు. "ఊరి పనికి రాకపోతే ఎలా?"

పసుపు కడిగేశారు. కానీ కొట్టేదెవరు? మావాళ్ళకి వల పట్టుకోవడం తెలుసు గానీ గునపం ఎటు పట్టుకోవాలో తెలీదు. వీరాస్వామి గారే స్వయంగా, పంచె పైకెత్తుకుని ఊబి పక్కకెళ్ళారు.

"సింగయ్యగారూ, కొండ మీది కదండీ. దాని కీళ్ళెక్కడున్నాయో మీకు తెలిసినట్టు మాకేం తెలుస్తుంది?"

చూశారా? అన్నేళ్ళలో కొండ వాడిదని వాళ్ళ నోటితో అనడం అదేనండి మొదలు.

"కొండ అయిపోయాక దాని వంతు ఖాళీయే కదా," అన్నారు మళ్ళీ. "అది మీకే. ఇంకెవరికి పెడతాం?"

సింగయ్య ముత్తి వైపు చూశాడు. ముత్తి పిల్ల వైపు చూసింది. పిల్లకి అప్పటికి నడకొచ్చింది, మాటలొచ్చాయి. మా లంక పిల్లలతో ఆడుకుంటా మా యాసే మాట్లాడేది. పెద్దయ్యాక దాని ఇంటికి పెళ్ళి పిలుపు రావాలి కదా. శవం లేస్తే మొయ్యడానికి నలుగురు రావాలి కదా.

గునపం తీసుకున్నాడు.

నేను చూశానండి. రోజూ అటే కదా నా దారి. మొగుడు పొడిచేవాడు, పెళ్ళాం సుత్తితో కంకర కొట్టేది. కొండ అరవలేదు, రాళ్ళు దొర్లించలేదు. ఒకటే చేసింది. వాడు గునపం ఎత్తినప్పుడల్లా కాస్త ముందుకి, వాడి వైపుకి జరిగేది. వాడికి దూరం నడిచే పని లేకుండా. వాడు వెనక్కి జరిగితే అదీ జరిగేది. వాడి కళ్ళల్లో రాతిపొడి పడి నీళ్ళు కారేవి, తుడుచుకునేవాడు కాదు.

"ఎందుకయ్యా, వదిలెయ్యి," అన్నానొకసారి.

"వదిలేసి ఎక్కడికెళ్ళమంటారు?" అన్నాడు.

నేను గడ ఎత్తుకుని నా దారిన పోయాను.

కొండ అయిపోయింది. రోడ్డయింది. ఆకివీడు వైపు నుంచి నత్తలంక రచ్చ దాకా, మట్టి కట్ట మీద నల్లకంకర, రోలరు తిరిగితే అద్దంలాగా. నా పొట్ట కొట్టే రోడ్డే గానీ, బాగుందంటే బాగుందనాలి. కుప్ప పోసిన రోజు సింగయ్య మళ్ళీ తల దువ్వుకుని వచ్చాడు.

తాతారావు లేచాడు. "ఒక ధర్మసందేహం. కొండ ఏమైంది?"

"రోడ్డయింది," అన్నారు జనం.

"పోయిందా, ఉందా?"

"ఉంది. రోడ్డు రూపంలో ఉంది."

"ఉన్నవాళ్ళ వంతు తీసి ఇంకొకళ్ళకి పెడతామా? రేపు నీ వంతు తీస్తే ఊరుకుంటావా? రోడ్డుకి గోతులు పడతాయి, మరమ్మతులుంటాయి. వంతు రోడ్డుదే."

వీరాస్వామి గారు నేల చూపులు చూశారు. వంతు మాత్రం ఆయన గంపలోకే వెళ్ళింది.

"సింగయ్యగారూ," అన్నారు కాసేపటికి, చాలా నెమ్మదిగా. "పనైపోయింది. కూలీ ముట్టింది. రేపు మొదటి బస్సొస్తుంది, పెద్దవాళ్ళొస్తారు. ఊబి పక్కన గుడిసె కాస్త అసహ్యంగా ఉంటుంది. దయచెయ్యండి."

సింగయ్య వెనక్కి తిరిగాడండి. ఈసారి ఏదీ తెలుసుకుందామని లేదు వాడికి. ముత్తి మాత్రం కుప్ప దగ్గరికొచ్చి, పిల్ల పిడికిట్లో ఉన్న రెండు చిన్న చేపలు తీసి కుప్పలో వేసేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

మర్నాడు పొద్దెక్కాక బయల్దేరారు. రోడ్డు మీదనే, నడిచి. అవతల మామిడాకుల తోరణం కట్టి, దండలు పట్టుకుని ఊరంతా బస్సు కోసం నిలబడుంది. వాళ్ళ మధ్యలోంచే ముగ్గురూ వెళ్ళారు. తోరణం దాటి ఇంత దూరం పోయారో లేదో, రచ్చ దగ్గర గలగలమని చప్పుడు. అందరూ చూస్తుండగానే మొదటి కంకర రాయి లేచింది. దాని వెనక ఇంకోటి. మేకలమంద లేచినట్టు రోడ్డు మొత్తం లేచి, సర్దుకుని, వాళ్ళ వెనకాల బయల్దేరిందండి. జనం కాళ్ళ సందుల్లోంచి, తోరణం కింద నుంచి, ఎవరి కాలికీ దెబ్బ తగలకుండా. మర్యాదగా. తాతారావు మోకు తెచ్చి వెయ్యబోయాడు. దేనికి వేస్తాడు?

ఎదురుగా వస్తున్న బస్సు కింద నుంచి కూడా వెళ్ళిపోయింది. ఉత్త మట్టి కట్ట మీద బస్సు చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. పెద్దవాళ్ళని నా దోనెలోనే ఇంటికి చేర్చాను. నత్తలంక రేవు మళ్ళీ నాదే. బాగానే అయింది నాకు, కాదనను.

ఇప్పటికీ వంతు తీస్తూనే ఉన్నారండి. రోడ్డు వంతు. వీరాస్వామి గారి గంపలోకే. రోడ్డేదని అడిగినవాడు లేడు.

మరి వాళ్ళు బాగుపడ్డారా అంటారు మీరు. అక్కడే ఉందండి బాధంతా. వెనక కొండ ఉన్నోడు ఎక్కడో ఒకచోట దాని కింద కూర్చుంటాడు. వీళ్ళ వెనకున్నది రోడ్డాయె. పెదవేగి అవతల ఎవరో దయగలవాళ్ళు మామిడితోట పక్కన గుడిసె వేసుకోమన్నారంట. వేసుకున్నారు. తెల్లారేటప్పటికి రోడ్డు వచ్చి గుడిసె కిందే చుట్టచుట్టుకు పడుకుంది. పొద్దున్నే బళ్ళొచ్చాయి. మరి రోడ్డంటే బళ్ళొస్తాయి. "రోడ్డు మీద ఇల్లేంటయ్యా, లెండి," అన్నారు. లేచారు. ఇంకో ఊరు. అక్కడా అంతే. అడవి దాకా పోదామని చూశారు. వీళ్ళ వెనక ఇంత మంచి రోడ్డు వస్తోందని తెలిసి పొగాకు ఆసాములు ఎదురొచ్చి దణ్ణం పెట్టారంట, మా ఊరు మీదుగా వెళ్ళండి, మా ఊరు మీదుగా వెళ్ళండని. మీదుగానే. ఆగమని ఒక్కడూ అనలేదు. అది చూసి సింగయ్య వెనక్కి తిరిగేశాడు, తన కొండల్లోకి వాళ్ళకి తనే రోడ్డు తీసుకెళ్తానేమోనని.

మొన్న తాడేపల్లిగూడెం సంత బయట కనపడ్డారండి. నడుస్తూనే ఉన్నారు. సింగయ్య నన్ను గుర్తుపట్టి తల ఊపాడు, ఆగలేదు. వెనక కంకర గలగలమంటోంది. దాని మీద అప్పుడే ఎవరివో బళ్ళు, సైకిళ్ళు. పిల్ల బాగా ఎదిగింది. పక్కనే నడుస్తా అడిగాను.

"ఏ ఊరమ్మా మీది?"

అది వాళ్ళమ్మని చూసింది, వాళ్ళ నాన్నని చూసింది, వెనక్కి తిరిగి రోడ్డుని చూసింది. మళ్ళీ ముందుకి తిరిగి నడిచింది.

ఏవండీ, ఇప్పుడు నవ్వడం లేదేం? అబద్ధమే అనుకోండి. దోనె సూర్రావు నోటికొచ్చిందల్లా కోస్తాడనుకోండి, నాకేం బాధ లేదు. ఒక్క పని చెయ్యండి చాలు. ఆ పిల్లది ఏ ఊరో మీరు చెప్పండి. చెప్పగలిగితే, ఇదంతా అబద్ధమని ఆకివీడు రేవులో నిలబడి నేనే ఒప్పుకుంటాను. చెప్పండి చూద్దాం.